టీబీ పోయింది... బూజు చేరింది!

క్షయ నయమైన ఊపిరితిత్తిలో ఖాళీ గుల్ల మిగిలితే అందులో ఫంగస్ కాపురం పెట్టొచ్చు. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి, ఒకరోజు దగ్గులో రక్తమై బయటపడుతుంది. అది పాత జబ్బే అనుకుని మళ్లీ టీబీ మందులు మింగేవాళ్లు ఎందరో. అసలు దోషి ఎవరో తేలితే మాత్రం... ఛాతీ కోయకుండానే, పిన్నుపోటంత రంధ్రంలోంచి రక్తాన్ని ఆపే దారి ఉంది.

టీబీ వచ్చింది. ఆర్నెల్లు మందులు వాడారు. తగ్గింది. కార్డు మీద 'నయమైంది' అని రాసి పంపించారు. వ్యవసాయమో, దుకాణమో, మేస్త్రీ పనో... మళ్లీ ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. అయిదేళ్లో పదేళ్లో గడిచాక, ఓ తెల్లవారుజామున దగ్గొచ్చింది. ఉమ్మితే ఎర్రగా ఉంది.

అప్పుడు ఇంట్లో అందరికీ వచ్చే ఆలోచన ఒక్కటే- 'టీబీ తిరగబెట్టింది'. ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీస్తారు. అందులో పాత మచ్చ ఎలాగూ ఉంటుంది. కళ్లె పరీక్షలో క్రిమి కనిపించకపోయినా, 'ఎందుకైనా మంచిది' అని మళ్లీ టీబీ మందులు మొదలైపోతాయి. ఇంట్లో మళ్లీ కంచం వేరు, గ్లాసు వేరు. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. ఆర్నెల్లు గడుస్తాయి. దగ్గు తగ్గదు. మనిషి సగమవుతాడు. రక్తం మాత్రం అప్పుడప్పుడూ పడుతూనే ఉంటుంది.

నిజంగా టీబీయే తిరగబెట్టి ఉండొచ్చు. అందుకే ముందు వెతకాల్సింది దాన్నే. కానీ ఎంత వెతికినా టీబీ క్రిమి దొరకనప్పుడు డాక్టరు వేసుకోవాల్సిన, రోగి అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది. 'ఇది ఫంగస్ కాదు కదా?'

ఆ ఫంగస్ పేరు ఆస్పర్‌జిల్లస్. అది ఊపిరితిత్తుల్లో తిష్ఠవేసి నెలలూ ఏళ్లూ పీడించే జబ్బు పేరు క్రానిక్ పల్మనరీ ఆస్పర్‌జిల్లోసిస్. పేరు పలకడం కష్టమే. సంగతి అర్థం చేసుకోవడం మాత్రం తేలికే.

చీపురు అందని మూల

టీబీ క్రిమి ఊపిరితిత్తిని తొలిచేస్తుంది. మందులు వాడితే క్రిమి చస్తుంది, పుండు మానుతుంది. కానీ తొలిచిన చోట ఒక్కోసారి గుంట పూడదు. గోడలు గట్టిపడిన గుల్ల ఒకటి అలాగే మిగిలిపోతుంది. వైద్యులు దాన్ని క్యావిటీ అంటారు.

ఇక ఆస్పర్‌జిల్లస్ సంగతి. అది ఎక్కడినుంచో రాదు. మన చుట్టూనే ఉంటుంది. వానకు తడిసి ముక్కిపోయిన గడ్డివాములో, పెంటకుప్పలో, కుళ్లిన ఆకుల్లో, చెమ్మ దిగిన గోడల మీద... ఎక్కడ తడీ కుళ్లూ ఉంటే అక్కడ. దాని బీజకణాలు రెండు మూడు మైక్రాన్లకు మించవు. తల వెంట్రుక మందంలో పాతిక పక్కపక్కనే పట్టేస్తాయి. గాలితోపాటు అలాంటివి రోజుకు కొన్ని వందలు మనందరి ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంటాయి. అయినా మనకేం కావడం లేదు. ఎందుకంటే శ్వాసనాళాల్లోని సన్నని నూగు వాటిని ఎప్పటికప్పుడు పైకి ఊడ్చేస్తుంది. దాన్ని తప్పించుకుని లోపలికి దిగినవాటిని తెల్ల రక్తకణాలు మింగేస్తాయి.

టీబీ మిగిల్చిన గుల్లలో ఆ ఊడ్చే నూగు ఉండదు. రక్తకణాలూ సరిగా చేరలేవు. ఇంట్లో చీపురు అందని మూల లాంటిదన్నమాట. అక్కడికి చేరిన బీజకణం మొలకెత్తుతుంది. దారాలు దారాలుగా పెరుగుతుంది. ఆ దారాలు, కళ్లె, చచ్చిన కణాలు అన్నీ కలిసి ముద్దగా చుట్టుకుంటాయి. అదే ఫంగల్ బాల్. వైద్య భాషలో ఆస్పర్‌జిల్లోమా. మన మాటల్లో చెప్పాలంటే బూజు ఉండ. సీటీ స్కాన్‌లో చూస్తే గుల్ల మధ్యలో ఉండ, దాని పైన నెలవంకలా సన్నని గాలి పొర కనిపిస్తుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి, బోర్లా పడుకోబెట్టి ఒకసారి స్కాన్ తీస్తే చాలాసార్లు ఆ ఉండ చోటు మారుతుంది... మువ్వలో గుండు దొర్లినట్టు!

అందరిలోనూ ఉండే కట్టాలని లేదు. కొందరిలో గుల్ల గోడలు మందమవుతూ, పక్కన కొత్త గుల్లలు పుడుతూ జబ్బు నెమ్మదిగా పాకుతుంది. దగ్గు, నీరసం, ఆయాసం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం... అన్నీ టీబీ లక్షణాలే. అందుకే ఇంత తికమక.

ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి నుంచి ఒకరికి రాదు. కంచం, గ్లాసు వేరు చేయాల్సిన పనిలేదు. 2021లో కొవిడ్ రెండో దశలో అందర్నీ భయపెట్టిన 'బ్లాక్ ఫంగస్' కూడా ఇది కాదు. అది వేరే జాతి. రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఇది నిదానంగా, ఏళ్ల తరబడి తినేస్తుంది.

పాతదే... పట్టించుకోనిది

ఈ బూజుకు పేరు పెట్టింది పీర్ ఆంటోనియో మికేలీ. ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు చెందిన మతాధికారి, వృక్ష శాస్త్రవేత్త. చర్చిలో పవిత్ర జలం చిలకరించే సాధనాన్ని ఆస్పర్‌జిల్లమ్ అంటారు. సూక్ష్మదర్శినిలో ఈ బూజు ఆయనకు అచ్చం అలాగే కనిపించింది. అందుకే 1729లో ఆ పేరు పెట్టాడు. 1842లో ఎడిన్‌బరో వైద్యుడు జాన్ హ్యూస్ బెనెట్ క్షయతో దెబ్బతిన్న మనిషి ఊపిరితిత్తిలో ఫంగస్‌ను చూసి వర్ణించాడు. అంటే టీబీకీ బూజుకీ ఉన్న చుట్టరికం దాదాపు రెండు శతాబ్దాల కిందటే కంటపడింది.

ఆ చుట్టరికం ఎంత దగ్గరిదో బ్రిటన్ వైద్యులు 1960ల్లో లెక్కతీశారు. టీబీ తగ్గాక ఊపిరితిత్తిలో రెండున్నర సెంటీమీటర్లు, అంతకన్నా పెద్ద గుల్ల మిగిలిన 544 మందిని పరీక్షించారు. నూటికి 11 మందిలో బూజు ఉండ కనిపించింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే ఆ సంఖ్య 17కు చేరింది. టీబీ తగ్గినవాళ్లందరికీ ఇది వస్తుందని కాదు, గుల్ల మిగిలినవాళ్లు జాగ్రత్తగా ఉండాలని దానర్థం.

టీబీ ఎక్కడ ఎక్కువో ఈ జబ్బూ అక్కడే ఎక్కువ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. టీబీ తర్వాత ఈ ఫంగస్ జబ్బుతో బతుకుతున్నవాళ్లు ప్రపంచవ్యాప్తంగా సుమారు 11.7 లక్షల మంది ఉంటారని 2011లో ఒక అంచనా వెలువడింది. 2014లో అచ్చిన మరో అధ్యయనం మన దేశంలో వాళ్ల సంఖ్య సుమారు 2.9 లక్షలని లెక్కగట్టింది. ఇవి అంచనాలే. కానీ ఇంతమందిలో తమకున్నది ఫంగస్ అని తెలిసినవాళ్లు ఎందరు అన్నదే అసలు ప్రశ్న.

టీకప్పుడు రక్తం చాలు

బూజు ఉండ కొందరిలో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టదు. వేరే పనికి ఎక్స్‌రే తీయిస్తే బయటపడుతుంది. అలాంటివాళ్లకు వెంటనే చికిత్స అక్కర్లేదు, అప్పుడప్పుడూ స్కాన్ తీస్తూ గమనిస్తే చాలంటారు వైద్యులు. భయమంతా రక్తంతోనే.

ఊపిరితిత్తులకు రక్తం రెండు దారుల్లో వస్తుంది. గుండె కుడివైపు నుంచి వచ్చే పెద్ద దారిలో ఒత్తిడి తక్కువ. బృహద్ధమని నుంచి చీలి వచ్చే బ్రాంకియల్ ధమనులు రెండో దారి. ఇవి సన్నవే కానీ వీటిలో ఒత్తిడి ఎక్కువ. మన చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ ఎంతో అంత. బూజు చేరిన గుల్ల చుట్టూ ఎడతెగని వాపు ఉంటుంది. దాంతో ఈ సన్న ధమనులు లావెక్కి, మెలికలు తిరిగి, గుల్ల గోడల్లోకి అల్లుకుంటాయి. గోడలేమో బలహీనం. ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. ప్రమాదకరంగా రక్తం పడిన కేసుల్లో దాదాపు 90 శాతం ఈ దారి నుంచే.

అలాంటప్పుడు మనిషి రక్తం పోయి చనిపోతాడని అనుకుంటాం. అసలు ప్రమాదం అది కాదు. ఊపిరాడకపోవడం. గొంతు నుంచి ఊపిరితిత్తుల లోపలి దాకా ఉండే గాలి గొట్టాలన్నింటి సామర్థ్యం పెద్దవాళ్లలో సుమారు 150 మిల్లీలీటర్లు. ఒక టీకప్పు. అంత రక్తం అక్కడ నిండిందంటే గాలికి దారి ఉండదు. అందుకే 'కాస్తే కదా పడింది, రేపు చూద్దాం' అనుకోకూడదు. ఈ రోజు చెంచాడు పడినవాళ్లకు రేపు ఎంత పడుతుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు.

పక్కటెముకలు తీసిన రోజులు

గుల్లను ఏం చేయాలన్నది పాత సమస్యే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం మొదలైంది. అప్పటికి మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతే మందులు. స్ట్రెప్టోమైసిన్ లాంటివి రావడానికి ముందు ప్రపంచంలో చాలాచోట్ల వైద్యులు గుల్లను మూయడానికి పక్కటెముకలు తీసేసేవారు. ఛాతీని లోపలికి కుంగదీస్తే గుల్ల నొక్కుకుపోతుందని! బతికినవాళ్లు ఒక పక్కకు ఒరిగిపోయిన భుజంతో జీవితాంతం తిరిగేవారు.

బూజు ఉండకు కూడా చాలాకాలం కత్తే దిక్కు. ఛాతీ తెరిచి, ఆ భాగాన్ని కోసి తీసేసేవారు. ఇప్పటికీ, ఒకే గుల్ల ఉండి మిగతా ఊపిరితిత్తి బాగుంటే, జబ్బును పూర్తిగా వదిలించేది శస్త్రచికిత్సే. చిక్కేమిటంటే ఆ అదృష్టం కొద్దిమందికే ఉంటుంది. టీబీ చాలామందిలో రెండు ఊపిరితిత్తుల్నీ దెబ్బతీసి వెళ్తుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేస్తే మిగిలిన దాంతో బతకడం కష్టం. పైగా టీబీ తర్వాత ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉంటుంది. విడదీయబోతే రక్తస్రావం. ఇలాంటివాళ్లను 'ఆపరేషన్‌కు పనికిరారు' అని వెనక్కి పంపేసేవారు.

వాళ్ల కోసం వచ్చిందే కోతలేని దారి.

గజ్జ నుంచి ఛాతీ దాకా

1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. సూదితో రక్తనాళాన్ని గుచ్చి, ఆ సూదిలోంచి సన్నటి తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టాన్ని లోపలికి జార్చడం. ఇవాళ గుండెకు చేసే యాంజియోగ్రామ్‌కు పునాది అదే. 1970ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో జాక్ రెమీ అనే రేడియాలజిస్టు అదే దారిలో బ్రాంకియల్ ధమనుల దాకా వెళ్లి, రక్తం కారే నాళాన్ని లోపలినుంచే మూసేశాడు. దాని పేరు బ్రాంకియల్ ఆర్టరీ ఎంబొలైజేషన్. పెద్ద ఆసుపత్రుల్లో క్యాథ్‌ల్యాబ్ ఉన్నచోట ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు దీన్ని చేస్తారు.

ఎలా చేస్తారంటే... ముందు సీటీ యాంజియోగ్రామ్ తీసి ఏ నాళం ఎక్కడినుంచి వస్తోందో చూసుకుంటారు. గజ్జ దగ్గర మత్తు సూది వేస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు. అక్కడి ధమనిలోకి రెండు మిల్లీమీటర్ల మందం కూడా లేని గొట్టాన్ని పంపి, టీవీ తెరలాంటి మానిటర్ మీద చూసుకుంటూ బృహద్ధమని మీదుగా ఛాతీ దాకా తీసుకెళ్తారు. రంగు మందు వదిలితే తెర మీద నాళాల అల్లిక చెట్టు వేళ్లలా కనిపిస్తుంది. లావెక్కి మెలికలు తిరిగిన దాన్ని పట్టుకుని, ఇంకా సన్నని గొట్టంతో అందులోకి దూరి, పాలీవినైల్ ఆల్కహాల్ రేణువుల్ని వదులుతారు. సన్న ఇసుకంత ఉంటాయవి. వెళ్లి నాళాన్ని పూడ్చేస్తాయి. రక్తం ఆగుతుంది.

కుట్లుండవు. ఛాతీ మీద గాటుండదు. గజ్జ దగ్గర చిన్న పట్టీ. కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. కొద్ది రోజులు ఛాతీలో నొప్పి, మింగేటప్పుడు ఇబ్బంది ఉండొచ్చు.

అసలు ప్రమాదం మరొకటుంది. వెన్నుపాముకు రక్తం ఇచ్చే సన్న ధమని ఒక్కోసారి ఈ బ్రాంకియల్ ధమనుల నుంచే పుడుతుంది. రేణువులు పొరపాటున అందులోకి వెళ్తే కాళ్లు చచ్చుబడిపోవచ్చు. అరుదే, కానీ ఘోరం. తలపిన్నులా వంగి కనిపించే ఆ నాళం ఉందేమోనని అనుభవమున్న వైద్యులు ముందే వెతుకుతారు. గొట్టాన్ని దాని మొదలు దాటించాకే రేణువులు వదులుతారు. అది కుదరకపోతే ఆ నాళం జోలికే వెళ్లరు. అందుకే ఈ చికిత్స తరచూ చేసే చోట చేయించుకోవడం మేలు.

ఆగింది... తగ్గలేదు!

ఇక్కడే చాలామంది పొరబడతారు. రక్తం ఆగింది కాబట్టి జబ్బు తగ్గిందనుకుంటారు. మందులు మానేస్తారు. తర్వాత చూపించుకోరు.

ఎంబొలైజేషన్ చేసిన వెంటనే ఎక్కువమందిలో రక్తం ఆగుతుంది. నిజమే. కానీ అది ఆపింది రక్తాన్ని. బూజు ఉండ ఎక్కడికీ పోలేదు. గుల్లలో అలాగే కూర్చుని ఉంది. చుట్టూ వాపు ఉన్నంతకాలం కొత్త నాళాలు పుడుతూనే ఉంటాయి. కాలువకు అడ్డుకట్ట వేస్తే నీళ్లు పక్క బోదె వెతుక్కుంటాయి కదా! అలాగే ఛాతీ గోడ నుంచి, భుజం వైపు నుంచి రక్తనాళాలు గుల్లలోకి దారి చేసుకుంటాయి. ఎంబొలైజేషన్ తర్వాత మళ్లీ రక్తం పడే అవకాశం మిగతా జబ్బులకన్నా బూజు ఉండ ఉన్నవాళ్లలోనే ఎక్కువ. కొందరికి నెలల్లోనే రెండోసారి చేయాల్సి వస్తుంది.

అయితే మరి దీనివల్ల లాభమేంటి? కాలం చేతికొస్తుంది. ప్రాణాపాయం తప్పుతుంది. ఆ వ్యవధిలో రోగి కోలుకుని, ఊపిరితిత్తుల సత్తువ సరిపోతే శస్త్రచికిత్సకు సిద్ధం కావచ్చు. లేదంటే మందులు పనిచేయడానికి సమయం దొరుకుతుంది. ఎంబొలైజేషన్ వంతెన లాంటిది. వంతెన మీదే ఇల్లు కట్టుకుంటానంటే కుదరదు.

సూదితో లోపలికి... గొట్టంతో బయటికి

ఉండ మీదే గురిపెట్టే కోతలేని పద్ధతులు కూడా ఉన్నాయి. అందరికీ సరిపడవు. అన్నిచోట్లా చేయరు. కానీ వేరే దారి లేనివాళ్లకు ఉపయోగపడతాయి.

ఒకటి, గుల్లలోకే మందు. సీటీలో చూసుకుంటూ ఛాతీ గోడలోంచి సూదిని, దాని వెంట సన్న గొట్టాన్ని నేరుగా గుల్లలోకి దించుతారు. అందులోంచి ఆంఫోటెరిసిన్-బి అనే ఫంగస్ మందును కొన్ని రోజులపాటు దఫదఫాలుగా నింపుతారు. మాత్రగా మింగినా, నరంలోకి ఎక్కించినా రక్తనాళాలు లేని ఉండ మధ్యకు మందు సరిగా చేరదు. అందుకని ఈ దారి. కొందరిలో ఉండ కరిగి ముక్కలై దగ్గులో బయటికొచ్చేస్తుంది. రక్తం పడటం ఆగుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోవడం లాంటి ఇబ్బందులు రావచ్చు. ఈ చికిత్స చేయించుకున్నవాళ్ల గురించి వచ్చినవి ఎక్కువగా చిన్నచిన్న అధ్యయనాలే. అందుకే దీన్ని ఆపరేషన్‌కు బదులు అనరు. ఆపరేషన్ కుదరనివాళ్లకు ఆసరా అంటారు.

రెండోది బ్రాంకోస్కోపీ. గొంతు గుండా ఊపిరితిత్తుల్లోకి పంపే వంగే గొట్టాన్ని 1960ల్లో జపాన్ వైద్యుడు షిగెటో ఇకెడా రూపొందించాడు. గుల్లలోకి శ్వాసనాళం తెరుచుకుని ఉంటే, ఆ గొట్టంలోంచి చిన్న పట్టకారు పంపి ఉండను ముక్కలు ముక్కలుగా తీసుకురావడం ఎంపిక చేసిన కొందరిలో సాధ్యమే. పట్టకారు తగిలి రక్తం ఎగదన్నితే తట్టుకునే ఏర్పాట్లన్నీ పక్కనే ఉండాలి.

మూడోది కీహోల్ శస్త్రచికిత్స. ఇది శస్త్రచికిత్సే కానీ ఛాతీని పూర్తిగా తెరవరు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు చేసి, కెమెరా సాయంతో జబ్బు ఉన్న భాగాన్ని తీసేస్తారు. గుల్ల ఒక్కటే ఉండి, ఊపిరితిత్తి మరీ అతుక్కుపోకుండా ఉంటే దీనివల్ల నొప్పి తక్కువ. త్వరగా ఇంటికెళ్లొచ్చు. లోపల అతుకులు ఎక్కువగా కనిపిస్తే మధ్యలోనే ఛాతీ తెరవాల్సి రావచ్చు. ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

మాత్రల పనేంటి?

జబ్బు పాకుతున్నవాళ్లలో, ఆపరేషన్ కుదరనివాళ్లలో రోజువారీ పోరాటం మాత్రలదే. మన దేశంలో ఎక్కువగా వాడేది ఇట్రాకొనజోల్. దీని మీద నమ్మదగిన సమాచారం ఇచ్చింది మన వైద్యులే. చండీగఢ్‌లోని పీజీఐ బృందం 2013లో ప్రచురించిన చిన్న పరిశోధనలో, మామూలు చికిత్స పొందినవారిలో 36 శాతం మందికి గుణం కనిపిస్తే, ఇట్రాకొనజోల్ వాడినవారిలో 76 శాతం మందికి కనిపించింది. మరి ఎంతకాలం వాడాలి? 2022లో అదే సంస్థ 164 మందితో చేసిన పరిశోధన జవాబు చెప్పింది. ఆర్నెల్లు వాడి ఆపేసినవాళ్లలో 38 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఏడాది వాడినవాళ్లలో 10 శాతం మందికే.

ఏడాదిపాటు మాత్రలంటే విసుగే. కానీ తేడా చూడండి!

ఈ మాత్రలతో కొన్ని పేచీలున్నాయి. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది. గ్యాస్ మాత్ర మన ఇళ్లలో మంచినీళ్లంత మామూలు. అది వేసుకుంటే ఈ మందు సగం వృథా. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది మంచిది కాదు. కాళ్ల వాపు, ఆయాసం పెరిగితే వెంటనే చెప్పాలి. కాలేయ పరీక్షలు మధ్యమధ్యలో చేయించుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద పేచీ టీబీ మందుతోనే! రిఫాంపిసిన్ వాడుతుంటే కాలేయం ఇట్రాకొనజోల్‌ను వచ్చింది వచ్చినట్టే విరిచేస్తుంది. రెండూ కలిపి మింగితే ఫంగస్ మందు దాదాపు మింగనట్టే లెక్క. అంటే అక్కర్లేని టీబీ కోర్సు మళ్లీ మొదలుపెట్టడం ఆర్నెల్ల కాలయాపన మాత్రమే కాదు, అసలు మందుకు దారి మూసేయడం కూడా. నిజంగా రెండు జబ్బులూ ఉంటే ఏది ముందు, ఏ మందుతో అన్నది ఛాతీ వైద్యుడే తేల్చాలి.

చేనులో మందు, ఒంట్లో మందు

వరికి పాముపొడ తెగులు వస్తే మన రైతులు హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్ కొడతారు. పేరు చివర 'కొనజోల్' గమనించారా? ఇట్రాకొనజోల్‌కు ఇవి దాయాదులే. పొలంలో, పెంటకుప్పలో ఉండే ఆస్పర్‌జిల్లస్ ఈ మందులకు అలవాటు పడితే, అదే బూజు మన ఊపిరితిత్తిలోకి చేరినప్పుడు మాత్రలకూ లొంగకపోవచ్చు. ఈ మొండి బూజును మొదట యూరప్‌లో గుర్తించారు. 2012 నాటికి మన దేశంలోనూ దొరికిందని పరిశోధకులు ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మొదటిసారిగా ప్రమాదకర ఫంగస్‌ల జాబితా తయారుచేసినప్పుడు ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌ను అత్యంత కీలకమైన వర్గంలో పెట్టింది. మందు పనిచేయనప్పుడు కళ్లెలోని ఫంగస్‌ను పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూడటం అందుకే అవసరం.

ఎప్పుడు అనుమానించాలి?

* గతంలో టీబీ వచ్చి తగ్గింది. ఇప్పుడు మూడు నెలలకు పైగా దగ్గు, నీరసం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉన్నాయి.

* కళ్లె పరీక్షల్లో టీబీ క్రిమి దొరకడం లేదు. లేదా టీబీ మందులు వాడుతున్నా గుణం లేదు.

* ఎక్స్‌రేలో పాత గుల్ల ఉంది. దాని గోడ మందమైంది, లేదా లోపల ఏదో నిండింది.

వీటిలో ఏది ఉన్నా రెండు పరీక్షల గురించి అడగండి. ఒకటి, ఛాతీ సీటీ స్కాన్. రెండు, రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ యాంటీబాడీ పరీక్ష. జబ్బు నిర్ధారణకు కీలకం ఇదే. పెద్ద ల్యాబుల్లో చేస్తారు. పాత ఎక్స్‌రేలు, టీబీ కార్డులు పారేయకుండా వెంట తీసుకెళ్లండి. గుల్ల ఎప్పటినుంచి ఉందో, ఎలా మారిందో చెప్పేవి అవే.

రక్తం పడితే...

కంగారుపడి వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఏ వైపు ఊపిరితిత్తిలో జబ్బుందో తెలిస్తే, ఆ వైపు కిందికి వచ్చేలా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మంచి ఊపిరితిత్తిలోకి రక్తం దిగకుండా ఉంటుంది. రక్తాన్ని మింగకుండా ఉమ్మేయమనాలి. 108కి ఫోన్ చేసి క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ చికిత్స ఆ ఆసుపత్రిలో అందుతుందేమో అక్కడుండే మిత్రను అడగండి. 

టీబీ కార్యక్రమం రోగి చేతికి ఇచ్చే చివరి మాట 'నయమైంది'. ఆ మాట అబద్ధం కాదు. క్రిమి నిజంగానే పోయింది. అయితే గుల్ల మిగిలినవాళ్లకు ఇంకో వాక్యం కూడా చెప్పి పంపితే బాగుంటుంది- 'మళ్లీ రక్తం పడితే అది టీబీయే అనుకోకండి, ఫంగస్ పరీక్ష కూడా చేయించండి' అని. ఆ ఒక్క ముక్క చెవినపడితే ఎన్నో ఇళ్లలో ఆర్నెల్ల అక్కర్లేని మందులు తప్పుతాయి. రక్తం కక్కుకునే దాకా రాకుండానే అసలు వైద్యం మొదలవుతుంది.